బలానికని పెట్టేవాటిలో ఎంత చక్కెర?

అయిదేళ్ల బిడ్డకు రోజుకు 1,360 కిలోకేలరీల శక్తి కావాలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క కట్టింది. అందులో విడిగా కలిపిన చక్కెర వాటా పదో వంతు దాటకూడదని, వీలైతే ఇరవయ్యో వంతుకు దించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. 1,360లో ఇరవయ్యో వంతు 68. గ్రాము చక్కెరకు 4 కిలోకేలరీలు కాబట్టి రోజుకు 17 గ్రాములు. చెంచాకు 5 గ్రాములు అనుకుంటే మూడున్నర చెంచాలు కూడా నిండవు. ఈ 17ను గుర్తుపెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ తేలిక.

పిల్లలకు చెడు చేసే తిండి అనగానే మనకు చిప్సు, కుర్‌కురే, కూల్‌డ్రింకులు గుర్తొస్తాయి. అవి మంచివి కావని తల్లులందరికీ తెలుసు. పిల్లలు ఏడ్చి గోల చేస్తే తప్ప కొనరు, కొన్నా తిట్టుకుంటూనే ఇస్తారు. నాకు ఎక్కువ దిగులు కలిగించేవి అవి కావు. బలం వస్తుందని, బిడ్డ పుంజుకుంటుందని, బతిమాలి మరీ పెట్టేవి వేరే ఉన్నాయి. పాలలో కలిపే పొడి, గ్లూకోజ్ బిస్కెట్లు, మామిడిపండు రసం అని రాసి ఉన్న చిన్న డబ్బా, విరేచనాలైతే తాగించే తియ్యని నీళ్లు. వీటిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అసలు చక్కెర ఇక్కడే పోగుపడుతోంది.

ఒక మామూలు రోజును కూడి చూద్దాం. పొద్దున్నే గ్లాసు పాలు. అందులో 20 గ్రాముల మాల్ట్ పొడి. పేరున్న ఒక పొడి డబ్బా మీద 2023 చివర్లో ముద్రించిన అంకె ప్రకారం 100 గ్రాములకు కలిపిన చక్కెర 32.2 గ్రాములు. అంటే మన 20 గ్రాములకు 6.4. ఉత్త పొడి వేస్తే పిల్లవాడు తాగడని ఇంట్లో ఇంకో చెంచా చక్కెర పడుతుంది. మొత్తం 11.4. పాలతోపాటు నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు, సుమారు 20 గ్రాములు. ఈ రకం బిస్కెట్లలో దాదాపు నాలుగో వంతు చక్కెరే కాబట్టి 5 గ్రాములు. బడి బస్సు ఎక్కేలోపే 16.4 అయ్యాయి. ఆ రోజు కోటా అక్కడికి అయిపోయింది.

మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర. వాటిని పక్కన పెడదాం. సాయంత్రం బడి నుంచి వచ్చాక 150 మిల్లీలీటర్ల మామిడి డ్రింకు. ఇలాంటి వాటిలో 100 మిల్లీలీటర్లకు 12 గ్రాములు అనుకున్నా 18 గ్రాములు. రాత్రి చపాతీకో దోసెకో పెద్ద చెంచాడు టమాటా సాస్, 4 గ్రాముల దాకా. పడుకునే ముందు మళ్లీ పొడి కలిపిన పాలు, 11.4. మొత్తం కూడితే 49.8. అంటే పది చెంచాలు. ఈ జాబితాలో చాక్లెట్ లేదు, ఐస్‌క్రీమ్ లేదు, కూల్‌డ్రింకు లేదు, పుట్టినరోజు కేకు లేదు. బిడ్డకు కావలసిన శక్తిలో 15 శాతం దగ్గర దగ్గర చక్కెర నుంచే వచ్చేసింది.

ఇది ఊహించి వేసిన లెక్కే కానీ గాలిలోంచి తెచ్చింది కాదు. 2025 మేలో సీబీఎస్ఈ తన బడులన్నిటికీ పంపిన ఉత్తర్వులో ఇలాంటి అంకెలే ఉన్నాయి. నాలుగు నుంచి పదేళ్ల పిల్లల రోజువారీ శక్తిలో 13 శాతం, 11 నుంచి 18 ఏళ్ల వారిలో 15 శాతం చక్కెరదేనని, అది 5 శాతానికి మించకూడదని అందులో రాశారు. ఏ పానీయంలో ఎన్ని చెంచాల చక్కెర ఉందో పిల్లలకు కనబడేలా బడిలో బోర్డులు పెట్టమన్నారు. మంచి పని. కాకపోతే ఆ బోర్డు వంటింట్లోనూ ఉండాలి, పాలలో పొడి కలిపేది అక్కడే కదా.

ఇప్పుడు ఒక డబ్బాను చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పుదాం. పోషకాల పట్టికలో ఒక్కో మోతాదుకు ఎన్ని గ్రాములో, అది రోజువారీ అవసరంలో ఎంత శాతమో ఉంటుంది. 6.4 గ్రాముల చక్కెరకు ఎదురుగా 13 శాతం అని కనబడుతుంది. తక్కువే కదా అనిపిస్తుంది. ఆ శాతం ఎవరి అవసరంలోనో చూడాలి. మన ఆహార భద్రతా సంస్థ లేబుల్ నిబంధనల ప్రకారం ఆ లెక్క రోజుకు 2,000 కిలోకేలరీలు తినే పెద్ద మనిషిది, కలిపిన చక్కెరకు వేసుకున్న హద్దు 50 గ్రాములు. 6.4ను 50తో భాగిస్తే 13 శాతం. మన బిడ్డకు సరిపడే 17తో భాగిస్తే దాదాపు 38 శాతం. డబ్బా మీద బొమ్మ పరుగెత్తే పిల్లవాడిది, వెనక లెక్క వాళ్ల నాన్నది. నిబంధనల ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. అందుకే ఇది ఎవరి కంటా పడదు.

అదే పట్టికలో మాంసకృత్తుల వరుస కూడా చూడండి. ఇలాంటి పొడుల్లో 100 గ్రాములకు 7 గ్రాములుంటే, మనం వేసే 20 గ్రాముల్లో వచ్చేది 1.4. ఆ పొడి కలిపిన 200 మిల్లీలీటర్ల పాలలో 6 గ్రాములకు పైగా ఉన్నాయి. ఒక కోడిగుడ్డులోనూ 6 గ్రాములున్నాయి. బలం ఏదైనా వచ్చిందంటే అది పాల నుంచే. కొన్ని విటమిన్లు, ఇనుము పొడిలో కలుపుతారు, అది నిజమే. కానీ ఆ కాస్త కోసం అంత చక్కెర మోయనక్కర్లేదు.

మన ఇళ్లలో ఈ పొడులకున్న గౌరవం పాతది. ఆస్పత్రిలో ఉన్నవాళ్లను చూడ్డానికి వెళ్తే హార్లిక్స్ సీసా, బ్రెడ్డు, బత్తాయిలు పట్టుకెళ్లిన తరం ఇంకా మన మధ్యే ఉంది. రాజమండ్రి దగ్గర ఆ సీసాలు నింపే ఫ్యాక్టరీయే ఉండేసరికి గోదావరి జిల్లాల వాళ్లకు అది సొంత సరుకులాంటిది. జబ్బు పడి లేచిన మనిషికి ఇచ్చేది కాబట్టి పిల్లలకూ మంచిదే అనే నమ్మకం అలా స్థిరపడింది. దాన్ని కదిలించింది 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఒక చిన్న వీడియో. రేవంత్ హిమత్‌సింకా అనే యువకుడు బోర్న్‌విటా డబ్బా వెనక ఉన్న అంకెల్ని చదివి వినిపించాడు. కంపెనీ లాయరు నోటీసు పంపితే వీడియో తీసేశాడు. అప్పటికే అది దేశమంతా తిరిగింది. జాతీయ బాలల హక్కుల కమిషన్ కంపెనీని వివరణ అడిగింది. తాము నిబంధనల మేరకే నడుస్తున్నామని, ఒక్కో మోతాదులో కలిపిన చక్కెర 7.5 గ్రాములేనని కంపెనీ చెప్పింది. ఆ ఏడాది చివరికి 100 గ్రాములకు 37.4గా ఉన్న అంకె 32.2కు దిగింది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలను హెల్త్ డ్రింకుల వరుసలోంచి తీసేయమని ఆన్‌లైన్ అంగళ్లకు చెప్పింది. ఒక్క మనిషి లేబుల్ గట్టిగా చదివితే ఇంత జరిగింది.

హైదరాబాద్‌లో అంతకన్నా పెద్ద పోరాటమే నడిచింది. పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి ఒకే మాట మీద నిలబడ్డారు. విరేచనాలప్పుడు తాగించే ద్రావణం పేరైన ఓఆర్ఎస్ అనే మూడక్షరాలు ముద్రించి మందుల షాపుల్లో అమ్మే తియ్యని డ్రింకులు ఓఆర్ఎస్ కావని ఆమె అన్నారు. ఇక్కడ అంకెలు భయపెడతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీళ్లలో కలిపే పొడి మొత్తం 20.5 గ్రాములు, అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములు, మామూలు ఉప్పు 2.6 గ్రాములు. ఆమె వేలెత్తి చూపిన డ్రింకుల్లో చక్కెర లీటరుకు 120 గ్రాముల దాకా ఉండేది. 200 మిల్లీలీటర్ల డబ్బాకు 24 గ్రాములు. అసలు ఓఆర్ఎస్ అంతే తాగితే వచ్చేది 2.7.

పేగుల్లో గ్లూకోజూ సోడియమూ చెయ్యి చెయ్యి పట్టుకుని లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరు వెళ్తుంది. అందుకే రెండూ సమపాళ్లలో ఉండాలి. చక్కెర ఎక్కువైతే దారి తిరగబడుతుంది. ఒంట్లోని నీరే పేగుల్లోకి వచ్చి చేరుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. నీళ్ల విరేచనాలతో నీరసించిన బిడ్డకు తల్లి డబ్బు పెట్టి కొని, నమ్మి, చెంచా చెంచాగా తాగించింది అదైతే? ఈ ఒక్క విషయం తలుచుకుంటే నాకు కోపం ఆగదు. చివరికి 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా సంస్థ, సూత్రానికి సరిపోని ఏ పానీయం పేరులోనూ ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. అయినా కొనేటప్పుడు పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసుకోవాలి. పొట్లం దొరక్కపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో సమంగా కొట్టిన ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మిల్లీలీటర్ల టీస్పూన్. ఆ కొలతకు ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

రెండేళ్ల లోపు పిల్లలకు లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. వాళ్లకు కలిపిన చక్కెర సున్నా. అయినా 2024 ఏప్రిల్‌లో పబ్లిక్ ఐ అనే స్విట్జర్లాండ్ సంస్థ బయటపెట్టిన నివేదికలో, భారత్‌లో అమ్మే సెరెలాక్ రకాల్లో ఒక్కో మోతాదుకు సగటున దాదాపు 3 గ్రాముల కలిపిన చక్కెర కనిపించింది. జర్మనీ, బ్రిటన్‌లలో అదే కంపెనీ అమ్మే వాటిలో లేదు. అయిదేళ్లలో 30 శాతం వరకు తగ్గించామని కంపెనీ చెప్పింది, ఆ ఏడాదే చక్కెర కలపని రకాలనూ తెచ్చింది. ఆరు నెలల బిడ్డ నాలుక మొదట ఏ రుచికి అలవాటు పడుతుందో తర్వాత దాన్నే అడుగుతుంది. అందుకే ఈ 3 గ్రాములు చిన్నవి కావు.

ఉప్పు సంగతి త్వరగా చెప్పేస్తాను. పెద్దలకు రోజుకు 5 గ్రాములు హద్దు. అదే నిష్పత్తిలో అయిదేళ్ల బిడ్డకు 3.4 వస్తుంది. లేబుల్ మీద ఉప్పు ఉండదు, సోడియం ఉంటుంది. దాన్ని రెండున్నరతో హెచ్చవేస్తే ఉప్పు. 70 గ్రాముల నూడుల్స్ పొట్లంలో మసాలాతో కలిపి సోడియం తరచు 700 మిల్లీగ్రాముల పైమాటే. అంటే 1.75 గ్రాముల ఉప్పు, రోజు హద్దులో సగం, ఒక్క గిన్నెలో. మసాలా సగమే వేసి, క్యారెట్, బఠాణీ, గుడ్డు కలిపితే కొంత మేలు. నూడుల్స్‌నే అనడం న్యాయం కాదు. ముద్దపప్పులో ఆవకాయ, పక్కన అప్పడాలు, వడియాలు, అన్నిటిలోనూ ఉప్పే. పిల్లలకు ఊరగాయ ఎంత తొందరగా అలవాటైతే అంత మురిసిపోయే ఇళ్లు మనవి.

టీ గురించి ఎవరూ రాయరు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. పొద్దున్నే పెద్దలు తాగేటప్పుడు మూడేళ్ల పిల్లకూ చిన్న గ్లాసులో పోసి, బిస్కెట్ ముంచి పెట్టడం ఊళ్లలో, బస్తీల్లో మామూలే. కూలికి పోయే ఇంట్లో పొద్దున్నే వంట కుదరక అదే టిఫిన్ అవుతుంది. ఆ తల్లిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును పట్టేసి ఒంటికి పట్టనివ్వవు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. దీనికి టీ ఒక్కటే కారణం కాదు. అయినా పదిమందిలో ఏడుగురు పాలిపోయి ఉన్నచోట ఉన్న కాస్త ఇనుమునూ పోగొట్టుకోకూడదు. పెద్దలైనా భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు తాగొద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. పిల్లలకు అసలు పోయకపోవడమే మంచిది.

ఇవన్నీ విన్నాక చాలామంది బెల్లానికో తేనెకో మారతారు. బెల్లంలో కొంచెం ఖనిజాలుంటాయి, కానీ 17 గ్రాముల లెక్కలో అదీ చక్కెరే. తేనె కూడా అంతే, పైగా ఏడాది లోపు పిల్లలకు తేనె నాకించడం ప్రమాదం. ఇంట్లో తీసిన పండ్ల రసం సైతం ఆ లెక్కలోకే వస్తుంది. రెండేళ్ల లోపు రసం వద్దని, రెండు నుంచి అయిదేళ్ల వరకు రోజుకు 125 మిల్లీలీటర్లకు మించొద్దని భారత పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. పండు కోసి ముక్కలుగా పెడితే ఈ గొడవ లేదు.

చట్టాలు లేకపోలేదు. 2020 నిబంధనల ప్రకారం బడి గేటుకు 50 మీటర్ల లోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదు. మీ పిల్లల బడి దగ్గర ఎన్ని బండ్లున్నాయో మీకే తెలుసు. చిలీ దేశం 2016 నుంచి పొట్లం ముందు భాగంలోనే నల్లటి ఎనిమిది కోణాల గుర్తు వేయిస్తోంది, చదువు రానివాళ్లకూ అర్థమవుతుంది. మన దగ్గర 2022 సెప్టెంబరులో పొట్లం ముందు నక్షత్రాలు వేసే పద్ధతి ముసాయిదాగా వచ్చింది. ఆ ముసాయిదా మీద చర్చలతోనే ఏళ్లు గడిచాయి.

అందాకా డబ్బా వెనక రెండు చోట్ల చూస్తే చాలు. పదార్థాల జాబితాలో ఎక్కువ బరువున్నది ముందు రాస్తారు. మొదటి మూడింటిలో చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటివి ఉంటే అది పిల్లలకు రోజూ పెట్టేది కాదు. తర్వాత పట్టికలో కలిపిన చక్కెర గ్రాముల్ని అయిదుతో భాగిస్తే చెంచాలు వస్తాయి.

మానిపించడం ఒక్కరోజులో కుదరదు. పాలలో వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ పోతే నాలుక సర్దుకుంటుంది. సాయంత్రం బిస్కెట్ల స్థానంలో శనగల గుగ్గిళ్లు పెట్టొచ్చు. 30 గ్రాముల ఎండు శనగలు నానబెట్టి ఉడికిస్తే 5 గ్రాములకు పైగా మాంసకృత్తులు, ఆవాలు కరివేపాకు పోపు, పైన నాలుగు చుక్కల నిమ్మరసం. ఆ నిమ్మరసం ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది. అయిదేళ్ల లోపు పిల్లలకు మాత్రం గుండు శనగలు, వేరుశనగ పలుకులు అలాగే ఇవ్వకూడదు, గొంతుకు అడ్డుపడతాయి. మెత్తగా ఉడికించి, వేళ్లతో చిదిమి, దగ్గర కూర్చుని తినిపించాలి.