వినబడలేదని చెప్పడానికి సిగ్గెందుకు?
– నర్సింగ్ సూపరింటెండెంట్

ఈసారి చెవి గురించి, ముఖ్యంగా వినికిడి తగ్గినప్పుడు మనసు పడే బాధ గురించి రాస్తున్నాను. ఇది పుస్తకంలో చదివి రాస్తున్నది మాత్రమే కాదు, నేను స్వయంగా అనుభవించినది.

కొన్నేళ్ల క్రితం ఒక రాత్రి డాక్టరుగారు ఫోనులో ఒక షుగరు రోగికి ఇన్సులిన్ మోతాదు చెప్పారు. మా అలవాటు ప్రకారం విన్నది తిరిగి చదివాను: "సిక్స్‌టీ యూనిట్లు." ఆయన కంగారుగా "కాదు సిస్టర్, సిక్స్‌టీన్" అన్నారు. తిరిగి చెప్పే నియమం ఉండబట్టి ఆ రోగి క్షేమంగా ఉన్నాడు. నేను మాత్రం "లైను బాగాలేదు డాక్టరుగారూ" అన్నాను. లైను బాగానే ఉంది. బాగాలేనిది నా చెవి. ఆ సంగతి నాకు అప్పటికే తెలుసు.

మనసులో ఏమి జరుగుతుంది?

మొదట వచ్చేది ఒప్పుకోకపోవడం. "నాకు బాగానే వినబడుతుంది, ఎదుటివాళ్లే నోట్లో గొణుగుతారు" అనుకుంటాము. ఇందులో కొంత నిజం లేకపోలేదు. వయసుతో వచ్చే వినికిడి లోపంలో సాధారణంగా ముందు సన్నని శబ్దాలు పోతాయి. అచ్చులు వినబడతాయి గాని స, త, ప, క వంటి హల్లులు జారిపోతాయి. 'పాలు' అన్నారో 'కాలు' అన్నారో తెలియదు. అందుకే "మాట వినబడుతుంది, అర్థం కాదు" అని చాలామంది చెప్తారు.

తరువాత కోపం. మెల్లగా మాట్లాడే నర్సింగ్ విద్యార్థినుల మీద ఊరికే విసుక్కునేదాన్ని. ఆ తరువాత అనుమానం. నలుగురు నవ్వుకుంటుంటే మన గురించేనేమో అనిపిస్తుంది. వీటన్నిటితో పాటు అలసట. సగం విన్న మాటను పెదవులు చూసి, ఊహించి పూరించడానికి మెదడు రోజంతా పనిచేస్తుంది. సాయంత్రానికి ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. చివరికి పెళ్లిళ్లు, స్త్రీల సమాజం, ఇరుగు పొరుగు అన్నీ మానుకుంటాము. ఇంట్లో వాళ్లు "పొగరు" అంటారు, లేదా "ముసలితనం" అంటారు.

ఎంత గొప్పవారికైనా ఇది తప్పలేదు. జర్మనీలో పుట్టిన సంగీతకారుడు బీథోవెన్ 1802లో తన తమ్ముళ్లకు ఒక ఉత్తరం రాసుకున్నాడు. "నేను చెవిటివాణ్ణి, గట్టిగా మాట్లాడండి" అని పదిమందిలో చెప్పలేక మనుషులకు దూరమయ్యానని అందులో బాధపడ్డాడు. ఆ ఉత్తరం పంపనే లేదు. 1827లో ఆయన చనిపోయాక కాగితాల్లో దొరికింది. మనలోనూ ఎంతోమంది అలా పంపని ఉత్తరాలే రాసుకుంటున్నారు.

నన్ను కదిలించింది మా మనవడు. ఒకరోజు నా దగ్గరకొచ్చి ఏదో చెప్పాడు. వినబడక, అలవాటు ప్రకారం నవ్వి తల ఊపాను. వాడు ఏడుపు ముఖం పెట్టి "నవ్వుతావేమవ్వా? కడుపు నొప్పి అంటాంటే!" అన్నాడు. ఆ వారమే కర్నూలు వెళ్లి చెవి పరీక్ష చేయించుకున్నాను.

కారణాలు

వయసు ఒక్కటే కారణం కాదు. గుబిలి గడ్డకట్టడం, చీము కారడం, కర్ణభేరికి రంధ్రం పడడం వంటివి మందులతోనో ఆపరేషనుతోనో చాలావరకు బాగవుతాయి. లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే సన్నని కణాలు చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. అవి చెడితే మళ్లీ పుట్టవు. రోజూ 8 గంటలు 85 డెసిబెల్స్ దాటిన మోతలో ఉంటే అవి దెబ్బతింటాయి. బేతంచెర్ల నాపరాయి పాలిషింగు యూనిట్లలో, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలలో, మంగంపేట ముగ్గురాయి గనులలో పనిచేసేవారు చెవి రక్షణ లేకుండా పనిలోకి దిగవద్దు. షుగరు, క్షయకు ఒకప్పుడు ఎక్కువగా వాడిన స్ట్రెప్టోమైసిన్, కనామైసిన్ ఇంజెక్షన్లు కూడా వినికిడిని తగ్గించగలవు.

చెవిలో కాగిన నూనె, ఆకు పసరు పోయకండి. పుల్ల, పిన్నీసు పెట్టకండి. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. రోజులు గడిచేకొద్దీ చికిత్సకు లొంగడం కష్టమవుతుంది.

పరీక్ష, చికిత్స

కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో ఈ.ఎన్.టి. విభాగాలు ఉన్నాయి. ఆడియోమెట్రీ పరీక్షలో నొప్పి ఏమీ ఉండదు. నిశ్శబ్దమైన గదిలో చెవులకు హెడ్‌ఫోను పెడతారు. శబ్దం వినబడినప్పుడు చేయి ఎత్తాలి, లేదా మీట నొక్కాలి.

అవసరమైతే వినికిడి యంత్రం ఇస్తారు. మొదటి వారం నాకు గిన్నెల చప్పుడు, ఫ్యాను గాలి, నా గొంతు నాకే భరించరానివిగా తోచాయి. తీసి పెట్టెలో పెట్టేద్దామనుకున్నాను. చాలామంది అక్కడే ఆగిపోతారు. అలా చేయకండి. ముందు ఇంట్లో రోజూ ఒక గంటతో మొదలుపెట్టి పెంచండి. మెదడు మళ్లీ అలవాటు పడడానికి వారాలు, నెలలు పడుతుంది. సరిగా కుదరకపోతే వెళ్లి సరిచేయించుకోండి. కళ్లద్దాలకు లేని సిగ్గు దీనికెందుకు?

కొనలేనివారికి కేంద్ర ప్రభుత్వపు ఆడిప్ పథకం ఉంది. ఆదాయ పరిమితిని బట్టి యంత్రం ఉచితంగా గాని తక్కువ ధరకు గాని లభిస్తుంది. లోపం తీవ్రంగా ఉంటే సదరం శిబిరంలో ధ్రువపత్రం పొందవచ్చు. పుట్టుకతో వినబడని పిల్లల విషయంలో ఆలస్యం అసలు వద్దు. మాట నేర్చే మొదటి ఏళ్లలోనే పరీక్ష చేయించాలి.

ఇంకొక సంగతి. 2020లో లాన్సెట్ వైద్య పత్రిక నిపుణుల సంఘం, మతిమరుపు జబ్బుకు దారితీసే, మనం తగ్గించుకోగలిగిన 12 కారణాలలో నడివయసు వినికిడి లోపాన్ని ఒకటిగా పేర్కొంది. వినికిడి తగ్గిన అందరికీ ఆ జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. అశ్రద్ధ తగదని అర్థం.

ఇంట్లోవారికి ఒక మాట

– వెనుక నుండి, వేరే గది నుండి పిలవకండి. ఎదురుగా, వెలుతురులో నిలబడి మాట్లాడండి.
– అరవకండి. కొంచెం నిదానంగా, స్పష్టంగా చెప్పండి.
– మాట్లాడేటప్పుడు టీవీ తగ్గించండి.
– అర్థం కాకపోతే అదే మాట పదిసార్లు అనక, వేరే మాటల్లో చెప్పండి.
– "ఏం లేదులే, నీకెందుకు" అని మాత్రం అనకండి. చెవుడు కంటే ఆ మాట ఎక్కువ బాధిస్తుంది.

'చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు' అని సామెత చెప్పి నవ్వుకుంటాము. శంఖం ఊదనక్కరలేదు. దగ్గరగా వచ్చి ముఖం చూసి మాట్లాడితే చాలు.

ఇప్పుడు నాకు వినబడనప్పుడు "వినబడలేదు, మళ్లీ చెప్పండి" అంటున్నాను. మొదటిసారి అనడమే కష్టం. మీ ఇంట్లో పెద్దవారెవరైనా ఈ మధ్య మాటలు తగ్గించి మూలన కూర్చుంటుంటే, పొగరనుకోకండి. ఒకసారి చెవి పరీక్షకు తీసుకువెళ్లండి.