కంపెనీ మూతపడినా బతికిన ప్రోగ్రాము

ఇనుముకు తుప్పు పడుతుంది. కర్రకు చెద పడుతుంది. బట్ట చివికిపోతుంది. మరి కంప్యూటరు ప్రోగ్రాము ఎలా పాడవుతుంది? అరిగిపోవడానికి దానిలో పళ్లచక్రాలు లేవు. కాలిపోవడానికి తీగచుట్ట లేదు. పాతికేళ్ల కిందట రాసిన ప్రోగ్రాము ఒక్క అక్షరం కూడా చెరగకుండా ఈనాటికీ భద్రంగా ఉండవచ్చు. అయినా అటువంటివి ఎన్నో ఇవాళ పనిచేయవు. ఎందుకని?

ప్రోగ్రాము మారదు. దాని చుట్టూ ఉన్నవి మారిపోతాయి. కంప్యూటరులోని ప్రాసెసరు మారుతుంది. తెరమీద బొమ్మను గీసే కార్డు మారుతుంది. విండోస్, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లు మారతాయి. మీ చేతిలోని తాళంచెవి చెక్కు చెదరలేదు, కాని తలుపుకు ఎవరో తాళం మార్చేశారు. అప్పుడు ఆ చెవి ఎంత కొత్తగా మెరుస్తున్నా ప్రయోజనం ఏముంది?

కనుక ప్రోగ్రామును ఒకసారి రాసి వదిలేస్తే సరిపోదు. అది ఊరి చెరువు లాంటిది. తవ్వినవారు గొప్పవారే, కాని ఏటేటా పూడిక తీసేవారు, కట్ట గండి పడకుండా చూసేవారు, తూము కనిపెట్టుకుని ఉండేవారు లేకపోతే నాలుగేళ్లలో అది తుమ్మల అడవి అవుతుంది. మూతపడే దశకు వచ్చి, మళ్లీ ప్రాణం పోసుకుని, ముప్పై ఏళ్లు దాటినా నడుస్తున్న ఒక ప్రోగ్రాము కథను ఇప్పుడు చూద్దాం. దాని పేరు బ్లెండర్. మీ వంటింట్లో పచ్చడి రుబ్బే బ్లెండర్ కాదు లెండి!

చుక్కలతో కోతి ముఖం

గ్రాఫ్ కాగితం మీద ఒక బిందువును గుర్తించడానికి ఎక్స్, వై అనే రెండు నిరూపకాలు చాలునని మీకు తెలుసు. దానికి జడ్ అనే మూడో నిరూపకం చేర్చండి. ఇప్పుడు ఆ బిందువు కాగితం మీద కాదు, గదిలో ఎక్కడో గాలిలో ఉంటుంది. ఇటువంటి బిందువులను కొన్ని వందలు పెట్టి, దగ్గరదగ్గర వాటిని గీతలతో కలిపితే చిన్న చిన్న పలకలు ఏర్పడతాయి. పలకలన్నీ కలిసి ఒక ఆకారం అవుతుంది. బ్లెండర్‌లో సుజాన్ అనే కోతి ముఖం ఉంది. అది 507 బిందువులతో, 500 పలకలతో తయారైంది.

ఆకారం అయ్యాక దానికి రంగు వేయాలి, దీపం పెట్టాలి, కదిలించాలి. ప్రతి కదలికకూ వెలుగు ఎక్కడ పడుతుంది, నీడ ఎటు సాగుతుంది అని లెక్క కట్టి ఒక్కొక్క బొమ్మ తీయాలి. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కావాలి. 85 నిమిషాల సినిమాకు ఎన్ని కావాలో మీరే గుణించి చూడండి. 1,22,400 వస్తుంది. ఈ పనులన్నీ చేసిపెట్టే సాధనమే బ్లెండర్.

లక్షల మంది ఉన్నా దిక్కు లేదు

నెదర్లాండ్స్ దేశంలో టాన్ రోజెన్‌డాల్ అనే ఆయన యానిమేషన్ స్టూడియో నడిపేవారు. స్టూడియో సొంత అవసరానికి 1994లో బ్లెండర్‌ను రాయడం మొదలుపెట్టారు. ఆనాడు అది నడిచినది సిలికాన్ గ్రాఫిక్స్ అనే ఖరీదైన యంత్రాల మీద. ఆ యంత్రాల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ప్రోగ్రాము మాత్రం మిగిలింది. ఎలా మిగిలిందన్నదే మన కథ.

1998లో రోజెన్‌డాల్ బ్లెండర్ కోసం ఒక కంపెనీ పెట్టి, దాన్ని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా ఇచ్చారు. అదనపు సౌకర్యాలు అమ్మి డబ్బు సంపాదించాలని ఆలోచన. వాడేవారు పెరిగారు, దాదాపు రెండున్నర లక్షల మంది అయ్యారు. కాని రాబడి పెరగలేదు. 2002 మొదట్లో, పెట్టుబడి పెట్టినవారు కంపెనీని మూసివేయడానికి నిర్ణయించారు. మూతపడక తప్పదని తెలిశాక అక్కడ పనిచేసేవారు చివరి విడుదలలో తమ గుర్తుగా ఒక బొమ్మ పెట్టి వెళ్లారు. మనం పైన చెప్పుకున్న కోతి ముఖం అదే.

ఇక్కడ ఒక సందేహం రావాలి. ప్రోగ్రాము అందరి కంప్యూటర్లలోనూ ఉంది కదా, కంపెనీ పోతే నష్టమేమిటి?

దీనికి జవాబు తెలియాలంటే ప్రోగ్రాముకు రెండు రూపాలు ఉంటాయని తెలుసుకోవాలి. మనిషి చదవగలిగే భాషలో రాసినది ఒకటి. దాన్ని సోర్స్ కోడ్ అంటారు. దాన్ని యంత్రానికి అర్థమయ్యే ఒకట్లు, సున్నాల వరుసగా మార్చినది రెండోది. మనం కంప్యూటరులో పెట్టుకుని వాడేది సాధారణంగా ఈ రెండోదే. దాన్ని చూసి లోపల ఏముందో తెలుసుకోవడం, సరిదిద్దడం మహా కష్టం. ఆవకాయ జాడీ ఇచ్చారు, కొలతలు చెప్పలేదన్నమాట. జాడీ ఉన్నన్నాళ్లు తినవచ్చు. అది అయిపోయినా, బూజు పట్టినా మళ్లీ పెట్టుకోలేరు.

రెండున్నర లక్షల మందికి బ్లెండర్ ఉచితంగానే దొరికింది. కాని సోర్స్ కోడ్ వారి దగ్గర లేదు, దాన్ని మార్చే హక్కూ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఈ తేడాను బాగా గుర్తుపెట్టుకోండి.

ఏడు వారాల చందా

రోజెన్‌డాల్ ఊరుకోలేదు. లాభాపేక్ష లేని బ్లెండర్ ఫౌండేషన్‌ను స్థాపించారు. హక్కులు పెట్టుబడిదారుల చేతిలో ఉన్నాయి. లక్ష యూరోలు చెల్లిస్తే సోర్స్ కోడ్‌ను బయటపెట్టడానికి వారిని ఒప్పించారు. 2002 జూలై 18న చందా మొదలైంది. ఇప్పటిలాగా సెల్‌ఫోనులో నొక్కితే డబ్బు పోయే రోజులు కావవి. లక్ష యూరోలు పోగుకావడానికి నెలలు, ఏళ్లు పడుతుందేమో అనుకున్నారు. ఏడు వారాల్లో వచ్చేసింది! ప్రోగ్రామును వాడుతున్న సామాన్యులు తలా కొంత వేసుకున్నారు.

2002 అక్టోబరు 13న బ్లెండర్ సోర్స్ కోడ్ అందరికీ విడుదలైంది. దానికి పెట్టిన షరతుల పత్రం పేరు గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు. దాని సారాంశం ఇది: ఎవరైనా ఏ పనికైనా వాడుకోవచ్చు. లోపల ఎలా ఉందో చదవవచ్చు. మార్చవచ్చు. ఇతరులకు పంచవచ్చు. అయితే మార్చి పంచేవారు, పుచ్చుకునేవారికి ఇవే హక్కులు ఇవ్వాలి. అందువల్ల బయటికి వచ్చిన ఆ కోడ్‌ను మళ్లీ ఎవరూ లోపల పెట్టి తలుపు వేయలేరు.

తెరిచిపెడితే చాలునా?

చాలదు. ఇది చాలామంది పొరబడే చోటు. సోర్స్ కోడ్ అందరికీ కనిపిస్తుంది కనుక ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుంటారు. అందరిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోవడం మన ఊళ్లలో చూస్తూనే ఉంటాం.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే మరో ప్రోగ్రామును చూడండి. ఇంటర్నెట్‌లో మనం పంపే రహస్య సంకేతాలు దొంగల కంటపడకుండా కాపాడే సాధనం ఇది. దీని సోర్స్ కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉండేదే. ప్రపంచంలోని వెబ్‌సైట్లు ఎన్నో దీనిమీద ఆధారపడ్డాయి. కాని దీన్ని కనిపెట్టుకుని ఉన్నవారు వేళ్లమీద లెక్కించదగినంత మంది. 2012లో విడుదలైన కోడ్‌లో ఒక తప్పు దొర్లింది. దానివల్ల కంప్యూటరు జ్ఞాపకంలోని రహస్యాలను బయటివారు తోడుకోగలిగే వీలు ఏర్పడింది. రెండేళ్లపాటు లోకం దాన్ని గుర్తించలేదు. 2014 ఏప్రిల్‌లో అది బయటపడింది. దానికి హార్ట్‌బ్లీడ్ అని పేరు పెట్టారు. ఆ తరువాతనే పెద్ద కంపెనీలు మేల్కొని, ఇటువంటి ప్రోగ్రాముల పోషణకు డబ్బు ఇవ్వసాగాయి.

తెరిచిన తలుపు వల్ల లోపలికి వచ్చి బాగుచేసే అవకాశం కలుగుతుంది. కాని ఎవరో ఒకరు రావాలి, రోజూ రావాలి. మరి బ్లెండర్‌కు ఆ ఏర్పాటు ఎలా జరిగింది?

వండినవాడే తినాలి

మొదటి ఉపాయం చాలా చక్కనిది. ప్రోగ్రాము రాసేవారినీ, బొమ్మలు గీసే కళాకారులనూ ఒకేచోట కూర్చోబెట్టి ఒక చిన్న సినిమా తీయించారు. అలా 2006లో 'ఎలిఫెంట్స్ డ్రీమ్' వచ్చింది. తీస్తున్నప్పుడు కళాకారులకు ఏ పనిముట్టు మొండికేస్తే, పక్కనే ఉన్న ప్రోగ్రామరు దాన్ని సరిచేయాలి. 2008లో 'బిగ్ బక్ బన్నీ' తీశారు. అందులో బొద్దు కుందేలు ఉంటుంది, చుట్టూ గడ్డి ఉంటుంది. ఆ కుందేలు బొచ్చు సరిగా రావడానికి బ్లెండర్‌లో వెంట్రుకలను చూపే భాగాన్ని మెరుగుపరిచారు. వంట చేసినవాడు తానే విస్తరి ముందు కూర్చుంటే ఉప్పు తక్కువైన సంగతి వెంటనే తెలుస్తుంది కదూ!

రెండో పని పునాదులు మార్చడం. బ్లెండర్ లోపలి నిర్మాణం చాలావరకు స్టూడియో రోజుల నాటిది. దానిమీద కొత్త అంతస్తులు కట్టడం కష్టమైంది. అందుచేత పెద్ద భాగాలను తిరిగి రాశారు. ఆ మార్పుల తొలి నమూనా 2009 నవంబరులో వస్తే, నిలకడైన రూపం 2011 ఏప్రిల్‌లో గాని రాలేదు. ఇటువంటి పని ఎవరికీ కనబడదు, దానికి చప్పట్లు కొట్టేవారూ ఉండరు. కాని అది చేయకపోతే భవనం కూలుతుంది. తరువాత 2019 జూలైలో వచ్చిన 2.80 రూపంలో, కొత్తగా నేర్చుకునేవారు బెదిరిపోకుండా తెరమీది అమరికను బాగా మార్చారు.

మూడోది కాలనియమం. ఇప్పుడు కొన్ని నెలలకొకసారి కొత్త రూపం విడుదలవుతుంది. 2020 నుంచి, కొన్ని రూపాలను ఎంచి రెండేళ్లపాటు తప్పులు మాత్రమే దిద్దుతూ నిలకడగా ఉంచుతున్నారు. ఏడాది పొడవునా ఒకే సినిమా మీద పనిచేసేవారికి మధ్యలో పనిముట్టు మారకుండా ఉండటం అవసరం మరి.

"జీతాలు ఎవరిస్తారు సార్?"

తరగతిలో ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఈ ప్రశ్న తప్పక వస్తుంది. రావలసిన ప్రశ్నే! ఉచితంగా ఇచ్చేదానికి పనిచేసేవారు తిండి ఎలా తింటారు?

బ్లెండర్‌కు ఒక అభివృద్ధి నిధి ఉంది. వ్యక్తులు తమకు తోచినంత, కంపెనీలు పెద్ద మొత్తాలు అందులో వేస్తారు. ఆ డబ్బుతో కొందరికి జీతమిచ్చి పూర్తికాలం పని చేయిస్తారు. వారితోపాటు జీతం లేకుండా చేయి వేసేవారూ ఉన్నారు. 2019లో ఎపిక్ గేమ్స్ అనే ఆటల కంపెనీ మూడేళ్లకు గాను 12 లక్షల డాలర్లు ప్రకటించింది. కంపెనీలు ఎందుకిస్తాయి? దానధర్మం కోసమే కాదు. ఇటువంటి సాధనాన్ని ఎవరికి వారు తయారుచేసుకోవడం కన్నా, అందరూ కలిసి ఒకదాన్ని పోషించడం చౌక. అయితే ఎంత ఇచ్చినా ప్రోగ్రాము ఇచ్చినవారి సొంతం కాదు. 2002లో జరిగినట్లు ఒకరు తాళం వేసుకుపోయే భయం లేదు.

ఈ ఏర్పాటుకు ఫలితం ఏమిటో 2025 మార్చిలో లోకం చూసింది. లాత్వియా అనే చిన్న దేశానికి చెందిన గింట్స్ జిల్‌బలోడిస్ బ్లెండర్‌తో తీసిన 'ఫ్లో' అనే చిత్రం, యానిమేషన్ సినిమాలకు ఇచ్చే ఆస్కార్ బహుమతి గెలుచుకుంది. అందులో ఒక పిల్లి వరదలో పడవెక్కి ప్రయాణం చేస్తుంది. ఒక్క మాట కూడా ఉండదు. ఆ దర్శకుడు వాడిన బ్లెండర్, మీరు మీ పాఠశాల కంప్యూటరులో పెట్టుకోగల బ్లెండర్ ఒక్కటే.

అదే ఏడాది సెప్టెంబరులో రోజెన్‌డాల్ తన బాధ్యతలను 2026 జనవరి నుంచి తరువాతివారికి అప్పగిస్తున్నట్లు ప్రకటించారు. మొదలుపెట్టినవారు తప్పుకున్నాక కూడా నడవాలంటే పని తెలిసినవారు ముందుగానే తయారై ఉండాలి. దీర్ఘకాలం నడిచే ఏ ప్రోగ్రాముకైనా ఇది పెద్ద పరీక్షే.

మీరు చేయగల పని

ప్రోగ్రాములు రాయడం రాకపోయినా మీరు ఇందులో పాలు పంచుకోవచ్చు. స్వేచ్ఛా ప్రోగ్రామును వాడుతున్నప్పుడు తప్పు కనిపిస్తే తెలియజేయండి. అయితే "పనిచేయడం లేదు" అని రాస్తే లాభం లేదు. మీ ప్రాక్టికల్ రికార్డులో ప్రయోగం ఎలా రాస్తారో అలా రాయండి. ఏ రూపం వాడారు? ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద? వరుసగా ఏమేమి నొక్కారు? ఏమి జరుగుతుందనుకున్నారు? నిజంగా ఏమి జరిగింది? మీరు రాసినది చూసి మరొకరు తమ కంప్యూటరులో అదే తప్పును మళ్లీ తెప్పించగలగాలి. అలా తెప్పించగలిగితే దాన్ని దిద్దడం చాలావరకు సులభమవుతుంది.

ఒక చిన్న అభ్యాసం చేయండి. మీ పాఠశాల కంప్యూటరులో ఉన్న ప్రోగ్రాముల జాబితా రాయండి. ఒక్కొక్కదాని ఎదురుగా మూడు ప్రశ్నలకు జవాబు కనుక్కోండి: దీని సోర్స్ కోడ్ చూసే హక్కు మనకు ఉందా? కిందటిసారి దీన్ని ఎప్పుడు సరిదిద్దారు? ఇప్పుడు దీని పోషణ ఎవరు చూస్తున్నారు? మూడో ప్రశ్నకు జవాబు దొరకని ప్రోగ్రాములు ఎన్నున్నాయో లెక్కపెట్టి, ఆ జాబితాను మీ సైన్సు మాస్టారికో, టీచరుకో చూపించండి.