చిన్న మ్యూజియాలను చదవడం ఎలా? – కోటబొమ్మాళి పరిసరాల్లో ఒక వారాంతపు అధ్యయనం

విషయక్రమం
1.0 లక్ష్యాలు
1.1 పరిచయం
1.2 చిన్న మ్యూజియం – స్వరూపం
1.3 వస్తువును అడగవలసిన నాలుగు ప్రశ్నలు
1.4 శనివారం: తేలినీలాపురం, శాలిహుండం
1.5 ఆదివారం: పొందూరు, విజయనగరం
1.6 మ్యూజియంలో లేనిది
1.7 సందర్శనకు సిద్ధం కావడం
1.8 సారాంశం
1.9 ముఖ్య పదాలు
1.10 నమూనా ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• చిన్న మ్యూజియాల రకాలను, వాటి బలాన్ని, పరిమితులను వివరించగలుగుతారు.
• ఒక వస్తువును నాలుగు ప్రశ్నల సహాయంతో పరిశీలించగలుగుతారు.
• మ్యూజియంలోనూ బయటా వినిపించే సమాచారం ఎంతవరకు నమ్మదగినదో తర్కించగలుగుతారు.
• మీ ఇంటిలోని పాత వస్తువులకు సొంతంగా వివరపట్టిక తయారుచేయగలుగుతారు.

1.1 పరిచయం

మ్యూజియం అనగానే మనలో చాలామందికి 1814లో ఏర్పడిన కోల్‌కతా ఇండియన్ మ్యూజియమో, 1951లో ప్రారంభమైన హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియమో గుర్తుకు వస్తుంది. కోటబొమ్మాళిలో ఉంటూ ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ చదువుకుంటున్న విద్యార్థికి ఈ రెండూ దూరమే. ప్రయాణానికి సెలవు కావాలి, డబ్బు కావాలి.

అయితే వస్తువుల ద్వారా చరిత్రను చదవడానికి అంత దూరం వెళ్ళనక్కరలేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో ఒకటి రెండు గంటల్లో చూడదగిన చిన్న ప్రదర్శనశాలలు, స్మారక గృహాలు, పనిచేస్తున్న కేంద్రాలు ఉన్నాయి. వాటిలో కొన్నింటిని ఒక శని, ఆదివారాల్లో చూడవచ్చు. వాటిని చూసే పద్ధతిని ఈ పాఠంలో తెలుసుకుందాం.

1.2 చిన్న మ్యూజియం – స్వరూపం

చిన్న మ్యూజియాలను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు.

అ) స్థల మ్యూజియం: తవ్వకాలు జరిగిన చోటనే, అక్కడ దొరికిన వస్తువులను ఉంచే ప్రదర్శనశాల.
ఆ) స్మారక గృహం: ఒక ప్రముఖ వ్యక్తి నివసించిన ఇంటిని భద్రపరచి సందర్శకులకు చూపేది.
ఇ) ఏక విషయ మ్యూజియం: ఒకే అంశానికి పరిమితమైనది. ఢిల్లీలో సులభ్ సంస్థ 1992లో నెలకొల్పిన మరుగుదొడ్ల మ్యూజియం దీనికి మంచి ఉదాహరణ. మొదట నవ్వు వచ్చినా, పారిశుద్ధ్యం చరిత్ర ఎంత పెద్దదో చూసిన తరువాత అర్థమవుతుంది. చిత్రవిచిత్రమైన ఆకారాల్లో తయారుచేసిన కార్లు ఉన్న హైదరాబాదులోని సుధా కార్ల మ్యూజియం కూడా ఈ రకానికే చెందుతుంది.

చిన్న మ్యూజియానికి ఉన్న ప్రధాన బలం సామీప్యం. అమరావతి స్తూపం శిల్పాల్లో పెద్ద భాగం నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలోను, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను ఉంది. అక్కడ శిల్పం అందం కనబడుతుంది. కాని ఆ శిల్పం ఏ నది ఒడ్డున నిలిచిందో, ఏ మట్టిలోంచి బయటపడిందో అక్కడ కనబడదు. స్థల మ్యూజియంలో అయితే తలుపు దాటి బయటకు వస్తే ఆ నది, ఆ కొండ కళ్ళ ముందే ఉంటాయి.

పెద్ద చరిత్ర చిన్న వస్తువులో ఒదిగి ఉండటం కూడా ఇలాంటి చోట్ల చూస్తాం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. వాటిలో పేలకుండా మిగిలిన ఒక బాంబు నేటికీ విశాఖ మ్యూజియంలో ఉంది. రెండవ ప్రపంచ యుద్ధం ఎక్కడో యూరప్‌లో జరిగిందనుకునే విద్యార్థికి ఆ ఒక్క వస్తువు చాలు.

ఇక పరిమితులు. చిన్న మ్యూజియాలకు నిధులు, సిబ్బంది తక్కువ. పెట్టెపై అంటించిన చీటీలో వస్తువు పేరు తప్ప మరేమీ లేకపోవచ్చు. స్థానికంగా చెప్పుకునే మాటే చీటీ మీదకు ఎక్కవచ్చు. అందువల్ల ఇక్కడ సందర్శకుడు కళ్ళతో పాటు తర్కాన్ని కూడా వెంట తెచ్చుకోవాలి.

1.3 వస్తువును అడగవలసిన నాలుగు ప్రశ్నలు

ఏ వస్తువు ముందు నిలబడినా ఈ నాలుగు ప్రశ్నలు వేసుకోండి.

1. ఇది దేనితో, ఎలా తయారైంది?
2. దీన్ని ఎవరు, ఏ పనికి వాడారు?
3. ఇది ఇక్కడికి ఎలా చేరింది?
4. దీని గురించి చీటీ చెప్పనిది ఏమిటి?

మొదటి రెండు ప్రశ్నలకు జవాబు చాలావరకు వస్తువులోనే దొరుకుతుంది. మూడవ ప్రశ్నకు అక్కడి సిబ్బందిని, ఊరివారిని అడగాలి. నాలుగవ ప్రశ్నకు మీరే ఆలోచించాలి. ఈ ప్రశ్నలను ఇప్పుడు మన ప్రాంతంలోని నాలుగు చోట్ల ఉపయోగించి చూద్దాం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
అ) స్థల మ్యూజియం అంటే ఏమిటి?
ఆ) చిన్న మ్యూజియాలకు ఉన్న ఒక బలాన్ని, ఒక పరిమితిని పేర్కొనండి.

1.4 శనివారం: తేలినీలాపురం, శాలిహుండం

1.4.1 తేలినీలాపురం

టెక్కలి మండలంలోని తేలినీలాపురం కోటబొమ్మాళికి దగ్గరలోనే, నౌపడ సమీపాన ఉంది. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గూడబాతులు (పెలికాన్లు), రంగుల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) ఈ ఊరి చెట్లపైకి వచ్చి, గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వేసవి నాటికి వెళ్ళిపోతాయి. పక్షులు వస్తే ఊరికి మంచి జరుగుతుందని గ్రామస్థుల నమ్మకం. వాటికి ఎవరూ హాని చేయరు. ఇక్కడ పక్షుల గురించి ఒక చిన్న మ్యూజియం కూడా ఉంది.

ఈ పక్షులను అందరూ ‘సైబీరియా పక్షులు’ అంటారు. పత్రికల్లోను, పర్యాటక ప్రచారంలోను ఇదే మాట వినిపిస్తుంది. దీన్ని పరీక్షిద్దాం. సైబీరియా వంటి చలి ప్రాంతాల నుంచి వచ్చే వలస పక్షులు మన దేశంలో శీతాకాలం గడిపి, గుడ్లు పెట్టడానికి తిరిగి తమ ప్రాంతానికే వెళతాయి. తేలినీలాపురం పక్షులు ఇక్కడే గూడు కట్టి, ఇక్కడే గుడ్లు పెడుతున్నాయి. అంటే వీటి పుట్టిల్లు ఇదే. గూడబాతు, రంగుల కొంగ దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల్లోనే జీవించే జాతులు. ఇవి నీరు, చేపలు దొరికే చోటును బట్టి దేశంలోనే ఒకచోటి నుంచి మరొకచోటికి కదులుతుంటాయి.

ఈ తేడా చిన్నదేమీ కాదు. పక్షులు సైబీరియావి అనుకుంటే, అవి రాకపోయినప్పుడు కారణం ఎక్కడో ఉందనుకుంటాం. అవి మనవే అని తెలిస్తే మన చెరువులు, మడ నేలలు, ఊరి చింతచెట్లు ఎలా ఉన్నాయో చూసుకుంటాం. నాలుగవ ప్రశ్న వేయడం వల్ల కలిగే ప్రయోజనం ఇదే.

1.4.2 శాలిహుండం

అక్కడి నుంచి జాతీయ రహదారిపై నరసన్నపేట మీదుగా దక్షిణానికి వచ్చి, వంశధార దాటి, సింగుపురం వైపు నుంచి శాలిహుండం చేరవచ్చు. ఇది వంశధార నది దక్షిణపు ఒడ్డున, కళింగపట్నం సమీపంలో కొండపై ఉన్న బౌద్ధ క్షేత్రం. ఈ స్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చినవారు వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు రామమూర్తి (1863–1940). తరువాతి తవ్వకాల్లో స్తూపాలు, ధాతు పేటికలు, శిల్పాలు బయటపడ్డాయి.

ఇక్కడి శిల్పాల్లో తార, మారీచి విగ్రహాలను జాగ్రత్తగా చూడండి. తొలి బౌద్ధంలో బుద్ధుని మానవరూపంలో చూపడం కూడా అరుదు. పాదాలు, చక్రం, చెట్టు వంటి గుర్తులే ఉండేవి. తార, మారీచి వంటి దేవతలు వజ్రయాన దశకు చెందినవారు. మారీచి ఉషస్సుకు సంబంధించిన దేవత. ఆమె రథాన్ని పందులు లాగుతున్నట్లు శిల్పులు చూపడం సంప్రదాయం. ఒకే కొండపై స్తూపమూ, ఈ దేవతలూ కనబడటాన్ని బట్టి ఒక మతం అనేక శతాబ్దాలపాటు ఇక్కడే మారుతూ వచ్చిందని తెలుస్తుంది.

శిల్పాలు చూశాక కొండపైకి ఎక్కి నది సముద్రం వైపు సాగే దిక్కును చూడండి. భిక్షువులు ఈ చోటునే ఎందుకు ఎంచుకున్నారు? నదీముఖంలోని రేవు, దాని మీదుగా వర్తకుల రాకపోకలు, దూరం నుంచి కనబడే ఎత్తు – ఇవి ఏ చీటీలోనూ ఉండకపోయినా కొండే చెబుతుంది.

1.5 ఆదివారం: పొందూరు, విజయనగరం

కోటబొమ్మాళి, పొందూరు, విజయనగరం మూడూ హౌరా–చెన్నై రైలుమార్గంలోనే ఉన్నాయి. ఆదివారం ప్రయాణానికి ఈ మార్గం అనుకూలం.

1.5.1 పొందూరు: చేప దవడ

పొందూరు మ్యూజియం కాదు. సన్న ఖద్దరు తయారయ్యే ఊరు. అయినా మన నాలుగు ప్రశ్నలకు ఇంతకంటే మంచి వస్తువు దొరకదు. ఆ వస్తువు వాలుగ చేప దవడ.

దేనితో తయారైంది? దవడ ఎముకతో. అందులో సన్నని పళ్ళు వరుసగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. ఏ పనికి? పత్తిని గింజపై ఉండగానే ఈ పళ్ళతో దువ్వుతారు. చెత్త రాలిపోయి, పోగులు తిన్నగా సాగుతాయి. తరువాత గింజ తీసి, ఏకి, ఏకును అరటి దొప్పలో భద్రపరచి, ఒంటి కదురు రాట్నంపై నూలు వడుకుతారు. ఎవరు వాడతారు? ఎక్కువగా స్త్రీలు. ఎలా వచ్చింది? జాలరి వలలో పడిన చేప నుంచి. అంటే ఒక ధోవతి వెనుక పత్తి రైతు, జాలరి, వడికే స్త్రీ, నేత కార్మికుడు నలుగురూ ఉన్నారు.

చీటీ చెప్పనిది ఏమిటి? ఈ దవడను రేపు ఏదైనా మ్యూజియంలో గాజు పెట్టెలో ఉంచితే ‘పత్తి దువ్వే పరికరం’ అని రాస్తారు. ఎంత ఒత్తిడితో దువ్వాలి, పోగు తెగకుండా చెయ్యి ఎలా తిప్పాలి అన్నది ఆ చీటీకి ఎక్కదు. ఆ విద్య చేతిలో ఉంది. కొత్తవారు నేర్చుకోకపోతే ఎముక మిగులుతుంది, విద్య పోతుంది. పొందూరు వెళ్ళినప్పుడు వారి పనికి అడ్డు రాకుండా, అనుమతి అడిగి, కాసేపు ఆ చేతులను గమనించండి.

1.5.2 విజయనగరం: గురజాడ ఇల్లు

గురజాడ అప్పారావు (1862–1915) నివసించిన ఇల్లు విజయనగరంలో స్మారక గృహంగా ఉంది. ‘కన్యాశుల్కం’ 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, బాగా మార్పు చెంది 1909లో మరోసారి వెలువడింది.

స్మారక గృహంలో సందర్శకులు సాధారణంగా ప్రముఖుడు వాడిన వస్తువులకు నమస్కరించి వచ్చేస్తారు. మీరు ఇంటిని కూడా చూడండి. వీధికి ఎంత దగ్గరగా ఉంది? వచ్చినవారు ఎక్కడ కూర్చునేవారు? వీధిలోని మాట లోపలికి వినిపిస్తుందా? మనుషులు మాట్లాడుకునే తెలుగుతోనే నాటకం రాసిన రచయిత విషయంలో ఇవి వృథా ప్రశ్నలు కావు. అలాగే ఆ ఇంటిని నడిపిన స్త్రీల వస్తువులు ఏమైనా ఉన్నాయా అని చూడండి. ఆడపిల్లలను డబ్బుకు అమ్మే ఆచారంపై నాటకం రాసిన వ్యక్తి ఇంట్లో ఈ ప్రశ్న మరీ అవసరం.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
అ) తేలినీలాపురం పక్షులు సైబీరియా నుంచి రావని ఏ ఆధారంతో చెప్పగలం?
ఆ) వాలుగ చేప దవడను పొందూరులో దేనికి వాడతారు?

1.6 మ్యూజియంలో లేనిది

కొన్నింటిని ఏ పెట్టెలోనూ పెట్టలేం. ఉత్తరాంధ్ర జానపద కళ తప్పెటగుళ్ళనే తీసుకోండి. కళాకారులు గుండెపై కట్టుకునే గుండ్రని రేకు తప్పెటను గోడకు తగిలించవచ్చు. కాని ఆ దరువు, గెంతు, పాట గోడకు రావు. అందుకే వస్తువుతో పాటు ధ్వనిని, మాటను కూడా నమోదు చేయాలి. శాలిహుండాన్ని వెలుగులోకి తెచ్చిన గిడుగు వారే సవర భాషను ఆ మాట్లాడేవారి దగ్గరే నేర్చుకుని, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు వెలువరించారు. రాళ్ళనూ, మాటలనూ ఒకే శ్రద్ధతో చూసిన పరిశోధకుడాయన.

ఇదే పనిని మనం ఇంటి నుంచి ప్రారంభించవచ్చు. అటక మీద ఒక ఇత్తడి కుంచం ఉందనుకుందాం. దాన్ని చూపించి ఇంట్లో పెద్దవారిని అడగండి: దీంతో ఏం కొలిచేవారు? కుంచానికి ఎన్ని మానికలు? కూలి కుంచాలతో ఇచ్చేవారా? కొలిచేటప్పుడు తలగొట్టి కొలిచేవారా, రాశిగా పోసేవారా? ఈ చివరి ప్రశ్నలో రైతుకూ కూలికీ మధ్య ఉన్న న్యాయం, అన్యాయం కూడా బయటపడతాయి. చెప్పగలిగిన వారు వెళ్ళిపోయాక కుంచం పాత సామాన్లవాడి తూకానికి ఇత్తడి ముక్క మాత్రమే.

కార్యకలాపం: మీ ఇంట్లోని ఐదు పాత వస్తువులకు వివరపట్టిక తయారుచేయండి. ఒక్కో వస్తువుకు (1) స్థానిక పేరు, (2) తయారైన పదార్థం, కొలతలు, (3) ఉపయోగం, (4) వాడినవారు, (5) ఇంటికి వచ్చిన తీరు, (6) చెప్పినవారి పేరు, తేదీ రాయండి. మీ మండలంలో పలికే పేరునే రాయండి. పుస్తకంలోని పేరుకు మార్చవద్దు.

1.7 సందర్శనకు సిద్ధం కావడం

• సెలవు దినం, వేళలు ఒక్కో సంస్థకు ఒక్కో విధంగా ఉంటాయి. బయలుదేరే ముందు తెలుసుకోండి.
• ఫొటో తీయడానికి అనుమతి అడగండి. శిల్పాలను ముట్టుకోవద్దు, గూళ్ళ కింద శబ్దం చేయవద్దు.
• ఒక్కో చోట ఒకే వస్తువును ఎంచుకుని పావుగంట చూడండి. బొమ్మ గీస్తే ఫొటోలో గమనించనివి కనబడతాయి.
• చీటీలో ఉన్నది, సిబ్బంది చెప్పినది, మీరు ఊహించినది – ఈ మూడింటినీ నోటు పుస్తకంలో విడివిడిగా రాయండి.

1.8 సారాంశం

చిన్న మ్యూజియంలో వస్తువు తన ఊరికి దగ్గరగా ఉంటుంది. అదే దాని విలువ. అయితే అక్కడ సమాచారం తక్కువగా ఉంటుంది. కొన్నిసార్లు సరిగా ఉండదు. నాలుగు ప్రశ్నలతో చూసినప్పుడు తేలినీలాపురం పక్షులు మన నేల సంగతి చెబుతాయి. శాలిహుండం శిల్పాలు మారిన మతాన్ని చూపుతాయి. చేప దవడ ఒక వస్త్రం వెనుక ఉన్న మనుషులను చూపుతుంది. గురజాడ ఇల్లు అక్కడ కనబడని వారిని గుర్తు చేస్తుంది. వస్తువు మిగిలి దాని కథ పోకుండా చూడటం ఈ అధ్యయనం అసలు ఉద్దేశం.

1.9 ముఖ్య పదాలు

ధాతు పేటిక: బుద్ధుని లేదా బౌద్ధాచార్యుల అవశేషాలను ఉంచే పెట్టె.
వజ్రయానం: మంత్రతంత్రాలకు, దేవతారాధనకు ప్రాధాన్యమిచ్చిన బౌద్ధ శాఖ.
ఏకు: వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్ట.
తలగొట్టడం: కొలపాత్ర అంచుకు సమంగా ధాన్యాన్ని చదును చేయడం.

1.10 నమూనా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. చిన్న మ్యూజియాల రకాలను, బలాన్ని, పరిమితులను ఉదాహరణలతో చర్చించండి.
2. వస్తువును చదివే నాలుగు ప్రశ్నలను మీరు చూసిన ఏదైనా వస్తువుకు అన్వయించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. శాలిహుండం శిల్పాలు బౌద్ధమతంలో వచ్చిన మార్పులను ఎలా సూచిస్తాయి?
2. వస్తువుతో పాటు మాటను, ధ్వనిని ఎందుకు నమోదు చేయాలి?