పాత కామిక్ పుస్తకాల విపణి: సీలు పదిలం, సరకు అనుమానం

2010 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక పాత బొమ్మల కథల పుస్తకం 10 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మరుసటి నెలలోనే అదే సంచిక మరో ప్రతి 15 లక్షల డాలర్లు పలికింది. రెండూ 1938లో వెలువడిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక ప్రతులే. రెండింటిలోనూ ఉన్నది సూపర్‌మాన్ తొలి కథే. నాడు రెండింటి వెలా 10 సెంట్లే. తేడా అంతా పుస్తకాన్ని బిగించిన ప్లాస్టిక్ పెట్టె మీది చీటీలో ఉంది. మొదటి ప్రతికి 8.0 మార్కులు, రెండవదానికి 8.5 మార్కులు పడ్డాయి. అర మార్కు విలువ 5 లక్షల డాలర్లన్నమాట.

ఆ మార్కు వేసినవాడు అమ్మకందారు కాదు, కొనుగోలుదారూ కాదు. మధ్యలో నిలిచిన మూడో మనిషి. ఆయన మాట మీద నమ్మకంతోనే ఈ వర్తకం ఇంత పెద్దదయింది. ఆ నమ్మకానికి 2024 జనవరిలో గట్టి దెబ్బ తగిలింది. మార్కులు వేసే సంస్థల్లో ప్రధానమైన సి.జి.సి., తన పెట్టెల్లోని పుస్తకాలను ఒక వ్యక్తి మార్చివేసినట్లు బయటపెట్టవలసి వచ్చింది. పెట్టె సంస్థదే, చీటీ సంస్థదే, సీలు కూడా సంస్థదే. లోపలి సరకు మాత్రం వేరు.

మూడో మనిషి ఎందుకు వచ్చాడు?

పాత కామిక్ పుస్తకాలకు అమెరికాలో పద్ధతిగా ధరవరలు ఏర్పడింది 1970లో రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ ధరల గైడు వెలువడిన తరువాతనే. ధర పుస్తకం స్థితిని బట్టి ఉంటుంది. అయితే స్థితిని నిర్ణయించేది ఎవరు? ఆ రోజుల్లో అమ్మేవాడే. తన సరకుకు తానే మార్కు వేసుకునేవాడు. ఎక్కడో దూరాన ఉన్న కొనుగోలుదారు ప్రకటన చూసి డబ్బు పంపేవాడు. చేతికి వచ్చిన పుస్తకం వర్ణనకు తగినట్లు లేకపోతే తగాదా తప్పేది కాదు.

అంతకన్నా చిక్కు మరొకటి ఉంది. రంగు వెలిసిన చోట కుంచెతో రంగు అద్దడం, చిరిగిన అంచులను కత్తిరించి సాపు చేయడం, చిరుగులకు కాగితం అతికించడం ఈ వర్తకంలో పాత విద్యలే. నేర్పరి చేసిన పని మామూలు కంటికి ఆనదు. మరమ్మతు చేసిన పుస్తకానికీ, చేయని పుస్తకానికీ ధరలో భారీ వ్యత్యాసం ఉంటుంది.

ఈ స్థితిలో 2000లో సి.జి.సి. రంగంలోకి దిగింది. ఫ్లారిడా రాష్ట్రంలోని సరసోటా నగరం దీని కేంద్రం. పుస్తకాన్ని రుసుముతో పాటు పంపితే పరీక్షకులు పుటలు లెక్కబెట్టి, మరమ్మతులు జరిగాయేమో చూసి, 0.5 నుంచి 10.0 వరకు మార్కు వేస్తారు. ఈ కొలబద్దలో 25 మెట్లున్నాయి. ఆపైన పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి బిగిస్తారు. పైన చీటీ, దాని మీద మార్కు, ఒక నంబరు ఉంటాయి. మామూలు పుస్తకానికి నీలం చీటీ, మరమ్మతు చేసినదానికి ఊదారంగు చీటీ. ఏ సంచికకు ఏ మార్కు ఎన్ని ప్రతులకు పడిందో సంస్థ పట్టికలు కూడా ప్రకటిస్తుంది. సరకు ఎంత అరుదో వర్తకులు ఆ లెక్కను బట్టే అంచనా వేసుకుంటారు.

దీనివల్ల వర్తకానికి మేలు జరగలేదనలేము. ఇటు తీరంలో ఉన్నవాడు అటు తీరంలోని పుస్తకాన్ని చూడకుండానే బేరమాడగలిగాడు. 1962లో 12 సెంట్లకు అమ్మిన ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచిక, అంటే స్పైడర్‌మాన్ తొలిసారి కనిపించిన సంచిక, 9.6 మార్కుల ప్రతి 2011లో 11 లక్షల డాలర్లు పలికింది. 2021లో 9.6 మార్కుల ప్రతే 36 లక్షలకు చేరింది. 8.5 మార్కుల ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచిక 2024 ఏప్రిల్‌లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. చదువుకునే పుస్తకం కాస్తా చీటీని బట్టి చేతులు మారే సరకుగా మారింది.

ఒక పుస్తకం, రెండు అమ్మకాలు

2024లో బయటపడిన మోసం చాలా తేలికైన ఎత్తుగడ. పెట్టెకు బీటలు పడినా, గీతలు పడినా యజమాని దాన్ని సంస్థకు పంపి కొత్త పెట్టె వేయించుకోవచ్చు. అదే మార్కు, అదే వివరాలతో కొత్త చీటీ వస్తుంది. పుస్తకాన్ని అప్పట్లో మళ్ళీ మొదటినుంచి పరీక్షించేవారు కారు. పరీక్ష ఎప్పుడో జరిగిందనీ, ఇది పెట్టె మార్పు మాత్రమేననీ భావన. మోసగాడికి దొరికిన సందు అదే.

ఉదాహరణకు 9.8 మార్కుల పుస్తకాన్ని కొంటాడు. పెట్టెను నేర్పుగా విప్పి పుస్తకాన్ని బయటికి తీస్తాడు. అదే సంచికలో నాసిరకం ప్రతిని లోపల పెడతాడు. పెట్టె దెబ్బతిన్నదని చెప్పి సంస్థకు పంపుతాడు. కొన్నాళ్ళకు నాసిరకం ప్రతి కొత్త పెట్టెలో, కొత్త సీలుతో, 9.8 మార్కుల చీటీతో తిరిగివస్తుంది. దాన్ని పూర్తి ధరకు అమ్ముతాడు. ఇక చేతిలో మిగిలిన అసలు పుస్తకాన్ని కొత్త సరకులాగా మార్కుకు పంపుతాడు. దానికీ మంచి మార్కే వస్తుంది. దాన్నీ అమ్ముతాడు. ఒక మంచి పుస్తకం ఆ విధంగా రెండుసార్లు అమ్ముడుపోతుంది.

నకిలీ పెట్టె, నకిలీ చీటీ అయితే పట్టుకోవడానికి గుర్తులుంటాయి. ఇక్కడ దొంగ సరకుకు అసలు సీలే పడింది. మోసగాడు సీలును బద్దలు కొట్టి ఊరుకోలేదు, మళ్ళీ సంస్థ చేతనే వేయించుకున్నాడు.

దీన్ని పసిగట్టడంలో ముందున్నది సేకరణదారులే. ఒకే సంచిక రెండు ప్రతులు ఎన్నడూ అచ్చంగా ఒకటిగా ఉండవు. అట్ట మడత ఒకదానిలో కాస్త పక్కకు జరిగి ఉంటుంది, పిన్ను మరోదానిలో వంకరగా ఉంటుంది, ఇంకోదానిలో సిరా చుక్క పడి ఉంటుంది. పాత వేలాల నాటి ఫోటోలనూ, కొత్తగా అమ్మకానికి వచ్చిన పుస్తకాల ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూస్తే బండారం బయటపడింది. అనుమానించవలసిన నంబర్ల జాబితాను సంస్థ ప్రకటించి, అవి ఉన్నవారు తనను సంప్రదించాలని కోరింది. ఆ జాబితా చూసి తమ నంబరు కోసం వెతుక్కున్నవారిలో కష్టార్జితాన్ని పెట్టుబడిగా పెట్టిన చిన్న కొనుగోలుదారులూ లేకపోలేదు.

కంటికి కనపడని లోపం

పెట్టె పైనుంచి చూసి లోపలి సరకును నిర్ధారించవచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు. అట్ట ముందూ వెనుకా మాత్రమే కనిపిస్తాయి. లోపలి పుటలు కనిపించవు. 1974 నాటి ‘ఇన్‌క్రెడిబుల్ హల్క్’ 181వ సంచిక దీనికి మంచి ఉదాహరణ. వుల్వరిన్ పాత్ర పూర్తిస్థాయిలో మొదట కనిపించిన ఈ సంచికకు గిరాకీ ఎన్నడూ తగ్గలేదు. ఆ రోజుల్లో మార్వెల్ కంపెనీ తన పుస్తకాల లోపలి పుటల్లో పిల్లలు కత్తిరించి దాచుకోవడానికి చిన్న బొమ్మల స్టాంపులు వేసేది. పిల్లలు కత్తిరించారు కూడా. స్టాంపు లేని ప్రతి అట్ట ఎంత నిగనిగలాడినా దాని మార్కు, ధర బాగా పడిపోతాయి. మూసిన పెట్టెలో స్టాంపు ఉన్నదో లేదో చెప్పగలవారెవరు?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. పెట్టె తెరిస్తే మార్కు రద్దవుతుంది. తెరవకపోతే సరకు కనపడదు. మిర్చి యార్డులో టిక్కీ విప్పి కాయ చూడవచ్చు. ధాన్యం బస్తాలో ఇనప గొట్టం గుచ్చి నమూనా తీయవచ్చు. బంగారానికి మన దేశంలో హాల్‌మార్కు పద్ధతి కూడా 2000లోనే ఆరంభమయింది. అయితే నగ మీద అనుమానం వస్తే మళ్ళీ పరీక్ష చేయించుకోవచ్చు, కరిగించినా బంగారం బంగారంగానే మిగులుతుంది. కామిక్ పుస్తకం సంగతి అలా కాదు. విలువలో సింహభాగం మార్కుది. మార్కు ఉండేది మూత మీద.

కాగితాన్ని నమ్మి సరకును చూడకపోతే ఏమవుతుందో మన సరకుల మార్కెట్లకూ అనుభవమే. 2013లో ముంబైలోని నేషనల్ స్పాట్ ఎక్స్ఛేంజిలో దాదాపు 5,600 కోట్ల రూపాయల చెల్లింపులు నిలిచిపోయినప్పుడు, గోదాముల్లో ఉండవలసిన సరకు చాలాచోట్ల లేదని తేలింది. రసీదులు మాత్రం ఉన్నాయి.

పక్క మార్కెట్టు పాఠం

కామిక్ పుస్తకాలకు ముందే క్రీడాకారుల బొమ్మల కార్డుల విపణిలో ఈ వ్యవహారం నడిచింది. 1909-11 మధ్య సిగరెట్ పెట్టెలతో పాటు ఇచ్చిన కార్డుల్లో బేస్‌బాల్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మ ఉన్నది బహు అరుదు. కార్డులకు మార్కులు వేసే పి.ఎస్.ఎ. సంస్థ 1991లో పని మొదలుపెట్టినప్పుడు మొదటి నంబరు ఇచ్చింది అటువంటి ఒక కార్డుకే. పదికి ఎనిమిది మార్కులు వేసింది. 2007లో ఆ కార్డు 28 లక్షల డాలర్లు పలికింది. 2013లో వేలం సంస్థ యజమాని విలియం మాస్ట్రో ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకుంటూ, ఆ కార్డు అంచులను తాను కత్తిరించినట్లు అంగీకరించాడు. 2015లో 20 నెలల జైలు శిక్ష పడింది. నేరం ఒప్పుకోలు ద్వారా తేలింది గానీ, మార్కు ద్వారా కాదన్నది గమనార్హం.

రుసుము ఎవరిది?

మార్కు వేసినందుకు రుసుము చెల్లించేది సరకు పంపినవాడే. ఖరీదైన పుస్తకానికి రుసుము దాని విలువను బట్టి ఉంటుంది. కొనుగోలుదారుకు ఈ లావాదేవీలో గొంతు లేదు. దీనికి తోడు వేడితో, బరువుతో నొక్కి పుస్తకం ముడతలు తీసే పనిని సి.జి.సి. మరమ్మతుగా లెక్కించదు. ఆ పనిలో పేరున్న ఒక సంస్థను సి.జి.సి. మాతృసంస్థ 2012లో కొనుగోలు చేసింది. మార్కు పెంచే పనీ, మార్కు వేసే పనీ ఒకే గొడుగు కింద ఉండడం సబబా అన్న ప్రశ్నకు సేకరణదారుల్లో ఏకాభిప్రాయం లేదు. 2021లో బ్లాక్‌స్టోన్ పెట్టుబడి సంస్థ ఆ మాతృసంస్థలో అధిక వాటా తీసుకున్నది. పని పెరిగేకొద్దీ ఒక్కొక్క పుస్తకం మీద వెచ్చించే సమయం ఎంత అన్నదే అసలు ప్రశ్న.

పరీక్షకులు లేకపోతే వర్తకం పాత రోజులకు పోతుంది. అప్పుడు మోసాలు తక్కువేమీ కాదు. అయితే సీలు వేసే సంస్థ తన దగ్గరకు తిరిగివచ్చిన ప్రతి పెట్టెనూ కొత్త సరకుగా భావించి చూడకపోతే ఆ సీలుకు విలువ ఉండదు. కొనేవారు కూడా చీటీ మీది అంకె ఒక్కటే చూసి బేరం ముగించరాదు. నంబరును సంస్థ పట్టికతో సరిపోల్చుకోవాలి. అదే నంబరుతో పూర్వం జరిగిన అమ్మకాల ఫోటోలు సంపాదించి, మడతనూ పిన్నునూ మచ్చనూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. పాత చీటీ మీద కొత్త పెట్టె ఎందుకు పడిందో అమ్మేవాడిని అడగాలి. జవాబు చెప్పడానికి తటపటాయించేవాడి దగ్గర ఎంత చవకగా దొరికినా కొనకపోవడమే లాభం.

మార్కు అనేది ఒక రోజున ఒక పుస్తకాన్ని చూసి చెప్పిన అభిప్రాయం. ఆ రోజు తరువాత పెట్టె ఎన్ని చేతులు మారిందో మార్కు చెప్పదు.