సంగీతం టీచరు కావాలంటే ఏ కాలేజీ?

పిల్లలు బడిలో సంగీతం చెబుతామంటే మనకి బెంగ సహజమే. న్యూయార్క్ రాష్ట్రంలో పాట్స్‌డామ్, ఫ్రెడోనియా రెండూ ప్రభుత్వ కాలేజీలే. రాష్ట్రవాసులకి ట్యూషను ఫీజు ఒకటే. పాట్స్‌డామ్‌లోని క్రేన్ సంగీత పాఠశాల 1886 నాటిది. అయినా పేరొక్కటే చూడకండి. బడిపిల్లల ముందు ఎప్పటినుంచి నిలబెడతారో, వాద్యం నేర్పే ప్రొఫెసరు ఎవరో అడగండి.

ఆడిషన్ కూడా గట్టెక్కాలి. కర్ణాటక వయొలిన్ పదేళ్ళు నేర్చినా, అక్కడ వాయించాల్సింది పాశ్చాత్య శాస్త్రీయ రచనలే. ఆ సాధన హైస్కూల్లోనే మొదలవ్వాలి.

డిగ్రీ, పరీక్షలు అయ్యాక వచ్చేది తొలి సర్టిఫికెట్టే. శాశ్వతంగా టీచరుగా నిలవాలంటే ఐదేళ్ళలో తర్వాతి సర్టిఫికెట్టుకి అర్హత సంపాదించాలి. ఆ ఖర్చునీ ఇప్పుడే లెక్కవేసుకుంటే, బెంగ సగం తీరుతుంది.