60 సెంటీమీటర్ల అద్దం, ఏడు గ్రహాలు

చిలీ దేశంలో, అటకామా ఎడారి దక్షిణపు అంచున లా సిల్లా అనే కొండ ఉంది. ఎత్తు సుమారు 2,400 మీటర్లు. అక్కడ స్విస్ వాళ్ల పాత టెలిస్కోపు ఒకటి తన పని ముగించుకుంటే, గోపురం మాత్రం మిగిలింది. 2010లో బెల్జియంలోని లియేజ్ విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని బాగుచేసుకుని తమ కొత్త టెలిస్కోపును అందులో నిలబెట్టారు. దాని అద్దం వ్యాసం 60 సెంటీమీటర్లు. అదే దేశంలో పరానల్ కొండ మీద 8.2 మీటర్ల అద్దాలవి నాలుగున్నాయి. వాటి పక్కన దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

పేరు ట్రాపిస్ట్. బీరు కాయడంలో పేరుమోసిన తమ దేశపు ట్రాపిస్ట్ సన్యాసుల మీద ముచ్చటతో బెల్జియం వాళ్లు పెట్టుకున్న పేరు. (తర్వాతి టెలిస్కోపులకు తమ బిస్కెట్టు పేరే పెట్టారు. తిండి యావ మనకొక్కళ్లకే ఉందనుకోనక్కర్లేదు.)

దీని దగ్గర మనిషి కాపలా ఉండడు. ఏ రాత్రి ఏం చూడాలో 12,000 కిలోమీటర్ల దూరాన లియేజ్‌లో నిర్ణయిస్తారు. చీకటి పడగానే యంత్రం తనంతట తనే గోపురం తెరుచుకుని, చెప్పిన నక్షత్రం వైపు తిరిగి, ఫొటోలు తీసుకుంటూ పోతుంది. వాన వచ్చేలా ఉన్నా, గాలి ముదిరినా పక్కనున్న వాతావరణ పరికరాలు పసిగడతాయి, గోపురం మూసుకుంటుంది.

మొదట్నుంచీ దీనికి రెండు పనులు. ఇమ్మాన్యుయేల్ జెహిన్ బృందానికి తోకచుక్కలు, మికాయెల్ గిల్లన్ బృందానికి వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు. పెట్టిన ఏడాదే, నవంబరులో, ఎరిస్ అనే మరుగుజ్జు గ్రహం ఒక మసక నక్షత్రానికి అడ్డు వచ్చిన క్షణాన్ని ఇది పట్టింది. ఎరిస్ వ్యాసం సుమారు 2,326 కిలోమీటర్లని అప్పుడు తేలింది. ప్లూటో కన్నా ఎరిస్ పెద్దదన్న గొడవే 2006లో ప్లూటో గ్రహ హోదాకు ముప్పు తెచ్చింది. తీరా కొలిస్తే రెండూ ఇంచుమించు సమానం!

అసలు కథ గిల్లన్ ఎంచుకున్న నక్షత్రాలతో మొదలవుతుంది. 2009లో ఎగిరిన కెప్లర్ అంతరిక్ష టెలిస్కోపు ముఖ్యంగా సూర్యుడి లాంటి నక్షత్రాల చుట్టూ భూమి లాంటివి వెతికింది. కానీ మన చుట్టుపక్కలి నక్షత్రాల్లో ముప్పాతిక వంతు చిన్నవి, చల్లనివి, ఎర్రనివి. గ్రహం తన నక్షత్రానికి అడ్డు వచ్చినప్పుడు వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గుదలే మనకు ఆనవాలు. వీధి దీపం ముందు దోమ ఎగిరితే ఎవరికి తెలుస్తుంది? ప్రమిద ముందు ఎగిరితే తెలుస్తుంది. భూమి సూర్యుడికి అడ్డు వస్తే వెలుగు 0.0084 శాతం తగ్గుతుంది, అదీ ఏడాదికోసారి. గురుగ్రహం కన్నా కాస్తే పెద్దదైన చల్లని నక్షత్రం ముందు భూమి అంత గ్రహం నడిస్తే, తగ్గుదల ఒక శాతానికి దగ్గరగా వస్తుంది. పైగా వెచ్చదనం కోసం గ్రహం దానికి చేరువగా ఉండాలి కాబట్టి, కొద్ది రోజులకోసారి అడ్డు వస్తుంది.

చిక్కల్లా ఈ నక్షత్రాలు మామూలు వెలుగులో కనబడీ కనబడనట్టు ఉండటమే. అందుకే ముదురు ఎరుపు, పరారుణ అంచు కాంతిని పట్టే ఏర్పాటుతో, అలాంటి 50 నక్షత్రాల మీద ట్రాపిస్ట్‌ను పెట్టారు.

2015 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా 62 రాత్రులు, 245 గంటలు, కుంభరాశిలో 40 కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒక నక్షత్రాన్ని చూశారు. వెలుగు పదేపదే తగ్గింది. ఒకటిన్నర రోజుకోసారి ఒకటి, 2.4 రోజులకోసారి ఒకటి. మూడోదాని లెక్క మాత్రం కుదరలేదు. లా సిల్లాలో తెల్లవారితే చూపు ఆగిపోతుంది కదా! అందుకే వేరే రేఖాంశాల టెలిస్కోపుల సాయం తీసుకున్నారు. లడఖ్‌లోని హాన్లేలో మన 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు అందులో ఒకటి. దాన్ని బెంగళూరు దగ్గరి హోసకోటె నుంచి ఉపగ్రహం ద్వారా నడుపుతారు. 2016 మే 2న మూడు గ్రహాలని ప్రకటించారు.

లెక్క తప్పు. అదే ఏడాది స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు ఇరవై రోజుల పాటు దాదాపు రెప్ప వేయకుండా చూశాక, మూడోదనుకున్నది వేర్వేరు గ్రహాల జాడలు కలిసిపోయిన గందరగోళమని తేలింది. 2015 డిసెంబరు 11న పరానల్ పెద్ద టెలిస్కోపుకు చిక్కిన వింత తగ్గుదల, మూడు గ్రహాలు ఒకేసారి నక్షత్రానికి అడ్డు రావడం వల్ల వచ్చిందే. 2017 ఫిబ్రవరి 22న ఏడు గ్రహాలన్నారు. ఆ ఏడూ బుధుడి కక్ష్యలో ఆరో వంతు మేరలోనే ఇమిడిపోతాయి. ఒకదాన్నొకటి లాక్కోవడంతో వాటి రాక కాస్త ముందూ వెనకా అవుతుంది. ఆ తేడాల్లోంచే బరువులు లెక్కకట్టి, ఇవి భూమి కన్నా కొద్దిగా తక్కువ సాంద్రత ఉన్న రాతి గ్రహాలని చెప్పగలిగారు.

పత్రికలు 'మరో భూమి' అని గంతులేశాయి. తొందరపాటు. చిన్న నక్షత్రం ఒక చేత్తో ఇచ్చింది రెండో చేత్తో లాక్కోగలదు. దాని జ్వాలలు చేరువ గ్రహాల గాలిని ఊడ్చేయగలవు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు చూస్తే, ఆ ఏడింటిలో బి అనే గ్రహం పగటి వైపు సుమారు 230 డిగ్రీల సెల్సియస్ వేడితో, దట్టమైన గాలి జాడ లేకుండా కనిపించింది. సి అనే గ్రహం మీదా శుక్రుడి లాంటి మందపాటి కార్బన్ డయాక్సైడ్ దుప్పటి లేదు.

ఆశ ఎక్కువగా ఉన్నది ఇ అనే గ్రహం మీద. నీరు నిలవగల దూరంలో ఉంది. దానికి హైడ్రోజన్ ముసుగు లేదని 2025లో వెబ్ ఫలితాలు చెప్పాయి. వేరే గాలి ఉందా లేదా తేలలేదు. ఎందుకంటే నక్షత్రం మీది మచ్చలు కూడా గాలి జాడల్లాంటి గుర్తులే వేస్తాయి. ఇప్పుడు బి, ఇ రెండూ వెంటవెంటనే అడ్డు వచ్చే వేళలు చూసి కొలుస్తున్నారు. బి ఉత్త బండరాయి అనుకుంటే దానిలో కనిపించే గుర్తులన్నీ నక్షత్రానివే, వాటిని ఇ లెక్కలోంచి తీసేయవచ్చు.

కాబట్టి రేపు పేపర్లో ఇ గ్రహం మీద గాలి దొరికిందనో, ప్రాణం ఉందనో చదివితే, నక్షత్రం మచ్చల లెక్క తీసేశారా లేదా అన్నది ముందు చూడండి.