అక్వేరియానికి ఒక అలుగు

ఊరి చెరువుకి తూము ఉంటుంది, అలుగు ఉంటుంది. తూముని ఎవరో ఒకరు తెరవాలి. అలుగుకి ఆ అవసరం లేదు. నీరు గట్టు మీదికి రాకముందే దాని మీదుగా తనంతట తానే పొర్లిపోతుంది. తెలంగాణలో దీన్నే మత్తడి అంటారు. ఇంట్లో పెద్ద అక్వేరియం పెట్టాలనుకునే సహోద్యోగులు నన్ను చేపల గురించి, లైట్ల గురించి అడుగుతుంటారు. నేను మాత్రం ముందు అలుగు సంగతి చూసుకోమంటాను. కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్‌లోకి దిగిన నీటిని మళ్లీ ఎత్తిపోయలేం కదా!

రెండడుగుల తొట్టెకి ఇదంతా అక్కర్లేదు. మా ఇంట్లోది ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. అంచు దాకా నింపితే 680 లీటర్లు. ఇంత నీటికి సరిపడే ఫిల్టర్ కోసం కింది అరలో మరో తొట్టె పెడతారు. దాని పేరు సంప్. పై తొట్టె మూలన సన్నటి గాజు గది ఉంటుంది. నీరు దువ్వెన పళ్లలాంటి అంచు మీదుగా ఆ గదిలోకి పొర్లి, పైపుల ద్వారా సంప్‌లోకి దిగుతుంది. అక్కడ శుభ్రపడ్డాక మోటారు దాన్ని మళ్లీ పైకి తోస్తుంది. గంటకు 3000 లీటర్లు ఎక్కుతుంటే నిమిషానికి 50 లీటర్లు దిగుతూ ఉండాలి. ఈ రెండింటిలో ఏది ఆగినా నీరు నేల మీదికి రాకూడదు. ప్లంబింగ్ అంతా దీని కోసమే.

ఒక్క పైపే వేస్తే రెండు చిక్కులు. గాలీ నీరూ కలిసి దిగుతూ రాత్రంతా గుడగుడమంటుంది. ఏ నత్తో ఆకు ముక్కో అడ్డుపడితే నీటికి మరో దారి ఉండదు. అందుకే మూడు పైపులు వేయడం మేలు.

మొదటిది ప్రధాన పైపు. దీని మూతి గాజు గదిలో నీటి అడుగున ఉంటుంది. పైపుకి ఒక గేట్ వాల్వ్ బిగించి, గాలి చొరబడకుండా పైపు నిండా నీరు దిగేలా సరిచేస్తాం. నిండుగా దిగే నీటికి చప్పుడు ఉండదు. దీని కింది కొస సంప్ నీటిలో ఒక అంగుళం మునిగితే చాలు. మరీ లోతుగా ఉంటే కరెంటు వచ్చాక పైపులోని గాలి త్వరగా బయటికి పోదు.

రెండో పైపు మూతి దానికంటే ఎత్తులో ఉంటుంది. వాల్వ్‌లో సరిపడని కొద్దిపాటి నీరు దీని గోడ వెంట జారిపోతుంది. మూడోది ఇంకా ఎత్తులో, ఎప్పుడూ పొడిగా ఉంటుంది. మొదటి రెండూ మూసుకుపోయిన రోజున మోటారు ఎక్కించే నీరంతా ఇదొక్కటే దింపగలగాలి. ఈ రెండు పైపులకీ వాల్వ్ పెట్టకూడదు. మన కోర్ బ్యాంకింగ్‌కి డీఆర్ సైట్ ఎలాగో, తొట్టెకి మూడో పైపు అలాగ.

ఇక లెక్కలు. మా తొట్టెలో నీటిమట్టం ఒక సెంటీమీటరు తగ్గితే సుమారు 11 లీటర్లు దిగినట్టు. కరెంటు పోగానే, పైకి నీరు తెచ్చే పైపు తిరగబడి నీటిని కిందికి లాగడం మొదలుపెడుతుంది. దాని మూతి బయటపడేదాకా ఆగదు. మూతి 3 సెంటీమీటర్ల లోతులో ఉంటే 33 లీటర్లు. గాజు గదిలోది, పైపుల్లోది కలుపుకుంటే సుమారు 45. అదే మూతి 20 సెంటీమీటర్ల లోతులో ఉంటే 220 లీటర్లు! సంప్‌లో ఖాళీ 50 లీటర్లే ఉంటే మిగతాది హాల్లోకే. నాన్-రిటర్న్ వాల్వ్ ఉందిగా అంటారు కొందరు. దానిలో పాచి పేరుకుంటే సరిగా మూసుకోదు. మూతిని పైనే ఉంచడం ఖర్చు లేని రక్షణ.

రెండో లెక్క, పైపులన్నీ మూసుకుపోతే? సంప్‌లో మోటారు ఉన్న అరలో ఎంత నీరుంటే అంత వరకే పైకి ఎక్కుతుంది. అది 30 లీటర్లయితే పై తొట్టెలో మట్టం 3 సెంటీమీటర్లు కూడా పెరగదు. అంచు కింద 5 సెంటీమీటర్లు ఖాళీ వదిలితే చాలు. మోటారు పాడైనా నేల తడవదు.

ప్లంబర్ పని మొదలుపెట్టకముందే రెండు మాటలు చెప్పండి. టఫెన్డ్ గాజుకి రంధ్రం వేయబోతే ముక్కలైపోతుంది. కాబట్టి అడుగు గాజు ఏ రకమో తొట్టె చేసినవారిని ముందే అడగాలి. ట్యాంక్ కనెక్టర్ రబ్బరు వాషర్ నీరుండే వైపు రావాలి. రెంచీతో బలంగా బిగిస్తే గాజు పగులుతుంది.

చేపలు వేయకముందు మామూలు నీటితో రెండు పరీక్షలు చేయండి. మోటారు స్విచ్ ఆపి సంప్ పొర్లుతుందేమో చూడండి. తర్వాత ప్రధాన పైపు వాల్వ్ పూర్తిగా మూసి, మిగతా రెండూ నీటిని దింపుతున్నాయో లేదో చూడండి. నేను ఇప్పటికీ మూడు నెలలకోసారి ఈ డ్రిల్ చేస్తాను.

చివరగా, మోటారు నడుస్తున్నప్పుడు దాని అరలో ఏ మట్టం దాటకూడదో స్కెచ్ పెన్‌తో గీత గీయండి. ఆవిరైన నీటిని ఆ గీత వరకే నింపాలి. మనం ట్రైనింగ్‌కో డిప్యుటేషన్‌కో వెళ్లినప్పుడు నీళ్లు పోసేది ఇంట్లోవాళ్లు. వాళ్లకి పైపుల పేర్లు తెలియనక్కర్లేదు, ఆ గీత తెలిస్తే చాలు.